పెళ్లికి పిలవడం మరిచిపోకేం!

వీడ్కోళ్లు రెండు రకాలు. పెద్దవాళ్లు చెప్పేవి ఒక రకం, తోటివాళ్లు చెప్పేవి ఇంకో రకం. పెద్దవాళ్ల వీడ్కోల్లో నవ్వు ఉండదు. గురువుగారి దగ్గర చదువు ముగించి ఇంటికి బయల్దేరే శిష్యుడికి ఏమేం చెప్పి పంపాలో తైత్తిరీయోపనిషత్తులోనే ఉంది. నిజం చెప్పమనీ, ధర్మం తప్పవద్దనీ, చదవడం మానవద్దనీ, తల్లినీ తండ్రినీ గురువునీ అతిథినీ దేవుళ్లలా చూసుకోమనీ. ఈనాటికీ విశ్వవిద్యాలయాల స్నాతకోత్సవాల్లో ఆ మాటలే వినిపిస్తాయి. బాగానే ఉంది. కానీ ఆ శిష్యుడు మూటాముల్లె సర్దుకుంటూ పక్కవాడితో ఏమన్నాడో ఏ ఉపనిషత్తూ చెప్పలేదు. "పెద్ద పండితుడివైపోయాక నన్ను గుర్తుపడతావుటోయ్?" అని అడిగే ఉంటాడని నా నమ్మకం.

తోటివాళ్లు వేళాకోళంగా చెప్పే ఈ వీడ్కోలు కాగితం మీదికెక్కడానికి చాలా కాలం పట్టింది. 1540ల ప్రాంతంలో జర్మనీలోని విట్టెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మొదలైందంటారు. మార్టిన్ లూథర్, మెలాంక్తన్ పాఠాలు చెప్పిన చోటు అది. అక్కడి విద్యార్థులు చదువు ముగించుకుని వెళ్లేముందు చిన్న పుస్తకం ఒకటి పట్టుకుని గురువుల చేతా స్నేహితుల చేతా రెండు మాటలు రాయించుకునేవారు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చదువుకోవడానికి పోయేటప్పుడు ఆ పుస్తకం సిఫార్సు ఉత్తరంలా కూడా పనికొచ్చేది. ఫలానా మహానుభావుడి చేవ్రాలు ఉందంటే కొత్త ఊళ్లో కుర్చీ వేసి కూర్చోబెట్టేవారన్నమాట. గురువుల రాతల పక్కనే స్నేహితుల కొంటె బొమ్మలూ, ఎకసెక్కాలూ చేరాయి. మన ఆటోగ్రాఫ్ పుస్తకానికి ముత్తవ్వ అదే.

ఇలాంటి పుస్తకాల్లో రాసిన జోస్యాలన్నిట్లోకీ గొప్పగా ఫలించింది ఒకటుంది. 1792లో బాన్ పట్టణం నుంచి ఇరవయ్యొక్కేళ్ల కుర్రాడొకడు సంగీతం నేర్చుకోవడానికి వియన్నా బయల్దేరాడు. స్నేహితులు అతనికి వీడ్కోలు పుస్తకం తయారుచేసి ఇచ్చారు. అందులో వాల్డ్‌స్టయిన్ ప్రభువు, అంతకు ముందేడు పోయిన మొజార్ట్ ఆత్మని హైడన్ చేతులమీదుగా నువ్వు అందుకుంటావు అనే అర్థం వచ్చేలా రాశాడు. ఆ కుర్రాడు బీథోవెన్. స్నేహితుడి మాట నిజమైంది. కాకపోతే పుస్తకంలో సంతకాలు చేసినవాళ్ల ఊరికి అతను మళ్లీ తిరిగి వెళ్లలేదు. స్నేహితులు వేసే జోస్యాలతో వచ్చే చిక్కే అది. ఫలిస్తే మనిషి దూరమైపోతాడు.

ఈ ఆచారం ఓడెక్కి అమెరికా చేరాక పూర్తిగా వేషం మార్చింది. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ ఆటోగ్రాఫ్ పుస్తకాలు ఇంటింటికీ వచ్చాయి. ముఖ్యంగా 1880ల్లో, ముఖ్యంగా ఆడపిల్లల చేతుల్లోకి. ఒక పేజీ మడిచి, పైన 'విప్పవద్దు' అని రాసి, విప్పినవాళ్లని లోపల వెక్కిరించడం, అందరికంటే చివర ఉండాలని అట్ట లోపలివైపు రాయడం - ఈ చిలిపి పనులన్నీ అప్పటికే ఉన్నాయి. మనమే కనిపెట్టామనుకుని మురిసిపోయినవాళ్లు క్షమించాలి!

యేల్ కాలేజీలో 1806లోనే చదువు ముగించినవాళ్ల రూపురేఖలతో పుస్తకం వేశారు. ఆ శతాబ్దం చివర్లో ఫొటోలు చవగ్గా అచ్చువెయ్యడం వచ్చాక హైస్కూళ్లు కూడా 'ఇయర్‌బుక్' తేవడం మొదలుపెట్టాయి. అందులో రెండు అంశాలు తప్పనిసరి. ఒకటి వీలునామా. వెళ్లిపోయే తరగతి, ఆస్తిపాస్తులున్న ముసలాయన ధోరణిలో, తమ సొత్తు కింది తరగతికి రాసిచ్చేస్తుంది. ఫలానావాడు తన కిటికీ పక్క బెంచీని, ఫలానావాడు ఆలస్యంగా వచ్చే అలవాటుని, ఇంకొకడు లెక్కల మాస్టారి కోపాన్ని. రెండోది భవిష్యవాణి. ఇరవై ఏళ్ల తరవాత ఎవరెవరు ఏమయ్యారో ఒకరు కలగన్నట్టో, గాజుగోళంలో చూసినట్టో చదువుతారు. తరగతిలో మహా పిరికివాడు సింహాలనాడించే సర్కస్ కంపెనీ నడుపుతుంటాడు. నోరు విప్పని పిల్ల పార్లమెంటులో గంటలకొద్దీ ఉపన్యాసమిస్తుంటుంది. అందరూ పడీపడీ నవ్వుతారు.

ఎందుకంత నవ్వు? 1900లో అమెరికాలో పదిహేడేళ్ల వయసున్నవాళ్లలో హైస్కూలు పూర్తిచేసింది నూటికి ఆరుగురే. ఆ ఆరుగురిలోనూ ఆడపిల్లలు ఎక్కువ. హైస్కూలు గట్టెక్కిన ప్రతి పదిమందిలో ఆరుగురు ఆడపిల్లలే. మగపిల్లలు ముందే పనుల్లోకి పోయేవారు. ఆడపిల్లలు చదువు ముగించి బడిపంతులమ్మలయ్యేవారు. అక్కడే ఉంది కిటుకు. చాలా ఊళ్లలో పంతులమ్మకి పెళ్లయితే ఉద్యోగం ఊడిపోయేది. ఈ పద్ధతి 1940ల దాకా చాలాచోట్ల నడిచింది. దేశమంతటా ఆడవాళ్లకి ఓటు వచ్చిందే 1920లో. మరి ఆ రోజుల్లో ఆడపిల్ల పెద్ద న్యాయాధిపతి అవుతుందని భవిష్యవాణిలో చదివితే సభంతా గొల్లుమందంటే, ఆ మాట చమత్కారంగా ఉండి కాదు. అది జరగదని అందరికీ తెలుసు కనక. హాస్యానికి అడుగున ఏముందో చూడాలంటే ఎవరిని చూసి నవ్వారో చూడాలి.

ఇంకో పుస్తకం సంగతి చెబుతాను. 1941 డిసెంబరులో జపాను పెర్ల్ హార్బరు మీద బాంబులు వేశాక, అమెరికా ప్రభుత్వం పశ్చిమ తీరంలోని జపాను సంతతి వాళ్లనందరినీ ఇళ్లు ఖాళీ చేయించి, ముళ్లకంచెల మధ్య శిబిరాల్లో పెట్టింది. సుమారు లక్షా ఇరవైవేలమందిని. వాళ్లలో ఎక్కువమంది అమెరికాలోనే పుట్టిన పౌరులు. కాలిఫోర్నియాలోని మాంజనార్ శిబిరంలో పదివేలమంది పైచిలుకు ఉండేవారు. పిల్లలున్నాక బడి కావాలి కదా, అక్కడే హైస్కూలు పెట్టారు. 1944లో ఆ హైస్కూలు పిల్లలు ఇయర్‌బుక్ వేశారు. పేరు 'అవర్ వరల్డ్' - మన లోకం. చుట్టూ కంచె, కావలి బురుజులు. పుస్తకంలో మాత్రం ఏ ఊరి బడి పిల్లల్లాగానో ఆటలు, నాటకాలు, నవ్వు మొహాలు. రేపెక్కడ ఉంటామో తెలియని పిల్లలు కూడా వీడ్కోలు పుస్తకం మానలేదు. అసలు రేపు తెలియనివాళ్లకే అది ఎక్కువ అవసరమేమో.

ఇక మన ఇంటికి వద్దాం. మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఆంధ్ర జిల్లాలకి ఎస్.ఎస్.ఎల్.సి. అంటే పదకొండేళ్ల చదువు, చివరిది సిక్స్త్ ఫారం. తెలంగాణ ప్రాంతంలో మెట్రిక్ అనీ, తరవాత హెచ్.ఎస్.సి. అనీ అనేవారు. ఎస్.ఎస్.ఎల్.సి.కి ప్రభుత్వం వారు ఒక పుస్తకం ఇచ్చేవారు. అందులో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మార్కులు, చివరికి పుట్టుమచ్చలు ఎక్కడున్నాయో కూడా రాసి ఉండేది. కాలేజీలో చేరడానికి అర్హత ఉంటే 'ఎలిజిబుల్' అన్నట్టు. సర్కారు పుస్తకంలో మన గతమంతా ఉంటే, ఆటోగ్రాఫ్ పుస్తకంలో మన భవిష్యత్తంతా ఉండేది. గులాబిరంగు, ఆకుపచ్చ, పసుపు కాగితాలతో జానెడు పుస్తకం. ఫిఫ్త్ ఫారం వాళ్లు చందాలు వేసుకుని సెండాఫ్ ఇచ్చేవారు. లడ్డూ, కారప్పూస, కాఫీ. హెడ్మాస్టరుగారిని మధ్యలో కూర్చోబెట్టి గ్రూపు ఫొటో. నల్లగుడ్డలో తల దూర్చిన ఫొటోగ్రాఫరు "కదలకండి" అన్న క్షణంలో ఎవడో ఒకడు కదిలేవాడు. ఆ ఒక్కడూ జీవితాంతం ఆ ఫొటోలో పొగలాగే ఉండిపోయేవాడు.

మా పెద్దమ్మ 1962లో ఎస్.ఎస్.ఎల్.సి. రాసింది. ఆవిడ ఆటోగ్రాఫ్ పుస్తకమూ, ఆవిడ తమ్ముడిదీ, అంటే మా మావయ్యదీ, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. మావయ్య పుస్తకంలో స్నేహితులు ఆయన్ని కలెక్టరుని చేశారు, రైలు ఇంజను డ్రైవరుని చేశారు, నాగేశ్వరరావుకి పోటీగా సినిమాల్లో నిలబెట్టారు. ఒకడు మాత్రం, "లెక్కల్లో నీ తెలివి చూస్తే ఆర్థికమంత్రివి కావడం ఖాయం, దేశాన్ని దేవుడే కాపాడాలి" అన్నాడు. పెద్దమ్మ పుస్తకంలో ఇరవైరెండు పేజీలు నిండాయి. పదిహేడింటిలో ఒకటే మాట. "పెళ్లికి పిలవడం మరిచిపోకేం!" "మీ ఆయన్ని తీసుకుని మా ఊరు రా." "పెళ్లయ్యాక మమ్మల్ని మరిచిపోతే జడ పీకుతా." ఒక్క పిల్ల మాత్రం డాక్టరమ్మవి అయ్యి నాకు ఊరికే సూది వెయ్యాలి అని రాసింది. దాని కింద ఇంకెవరో కొంటెగా ఒక పెద్ద ఆశ్చర్యార్థకం పెట్టారు.

పరీక్షలయ్యాక వైశాఖంలో పెద్దమ్మ పెళ్లి అయిపోయింది. అందరికీ శుభలేఖలు వెళ్లాయి. ఎవరూ రాలేదు. కోపాలొచ్చి కాదు, చాలామంది పెళ్లిళ్లు కూడా అవే ముహూర్తాల్లో పెట్టుకున్నారు! పరీక్ష ఫలితాలు పేపర్లో పడేసరికి పెద్దమ్మ అత్తవారింట్లో ఉంది. నెంబరు తాతయ్య చూసి కార్డు రాశాడు. "స్నేహితురాళ్ల జోస్యం నూటికి నూరుపాళ్లూ ఫలించిందే" అని పెద్దమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. నేను కూడా నవ్వుతాను. ఆ తరవాత కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడం.

అప్పటి లెక్కలు చూస్తే ఆ పదిహేడు పేజీల మీద కోపం రాదు. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్ల పెళ్లికి పధ్నాలుగేళ్లు చాలంది. 1949లో దాన్ని పదిహేను చేశారు. పద్దెనిమిది అయింది 1978లో. అంటే పెద్దమ్మ సిక్స్త్ ఫారం నాటికి తరగతిలో ఆడపిల్లలందరూ చట్టప్రకారం పెళ్లీడు పిల్లలే. 1961 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లలో చదవడం రాయడం వచ్చినవాళ్లు నూటికి పన్నెండుమంది. మద్రాసులో క్వీన్ మేరీస్ కాలేజీ 1914 నుంచీ ఉంది, హైదరాబాదు కోఠీ కాలేజీ 1924 నుంచీ ఉంది. కానీ పల్లెటూరి పిల్లని పరాయి ఊరి హాస్టల్లో పెట్టి చదివించడానికి ఎంత డబ్బు కావాలి, ఎంత ధైర్యం కావాలి! ఆ స్నేహితురాళ్లు గుడ్డివాళ్లు కారు. చుట్టూ కనిపించిందే రాశారు. నవ్వుతూ రాస్తే భయం కాస్త తగ్గుతుంది కనక నవ్వుతూ రాశారు.

కానీ రాసిన పేజీ చించి ఇంకోటి రాసుకున్నవాళ్లూ ఉన్నారు. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయిగారికి ఎనిమిదో ఏటే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆవిడ ఆ బంధాన్ని కాదని బయటికొచ్చారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్లి, వచ్చాక బెనారస్ మెట్రిక్ పరీక్ష ప్రైవేటుగా రాసి, ఆ తరవాత కాలేజీ చదువు, లా చదువు పూర్తిచేశారు. ఆవిడకి సెండాఫ్ ఎవరూ ఇవ్వలేదు, గ్రూపు ఫొటో ఎవరూ తియ్యలేదు. అందుకేనేమో తనలాంటివాళ్ల కష్టం ఆవిడకి బాగా తెలుసు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, ఆడపిల్లల్ని అదే బెనారస్ మెట్రిక్‌కి తయారుచేశారు. కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి అధ్యక్షురాలయ్యాక, 1958లో 'కండెన్స్‌డ్ కోర్సు'లు ప్రారంభింపజేశారు. మధ్యలో చదువు ఆగిపోయిన స్త్రీలు రెండేళ్లలో మెట్రిక్ దాకా చదువుకునే ఏర్పాటు అది. పిల్లల తల్లులు, భర్త పోయినవాళ్లు, వదిలేసినవాళ్లు పలకా పుస్తకం పట్టుకుని మళ్లీ బెంచీల మీద కూర్చున్నారు. అలా చదివి నర్సులూ, టీచర్లూ, గ్రామసేవికలూ అయ్యారు. వాళ్ల గురించి ఏ ఆటోగ్రాఫ్ పుస్తకంలోనూ ఎవరూ జోస్యం చెప్పలేదు. చెప్పి ఉంటే తరగతంతా నవ్వేది.

1969-70లో ఇంటర్మీడియట్ రెండేళ్ల చదువై వచ్చాక వీడ్కోలు పదో తరగతికి జరిగింది. మా రోజులకి, అంటే 1990ల్లో, ఆటోగ్రాఫ్ పుస్తకంతోపాటు 'స్లామ్ బుక్' అనే కొత్త పుస్తకం వచ్చింది. అందులో ప్రశ్నలు ముందే అచ్చువేసి ఉండేవి. ముద్దుపేరు, నచ్చిన హీరో, నచ్చిన కూర, మరిచిపోలేని రోజు. పెద్దవాళ్లు చూసి, "ఇదేం పిచ్చి?" అని మూతి తిప్పారు. నిజమే, పిచ్చిగానే ఉండేది. కానీ ఆ ప్రశ్నల్లో ఒకటి - నీ ఆశయం ఏమిటి? ఆటోగ్రాఫ్ పుస్తకంలో నీ భవిష్యత్తు ఎదుటివాళ్లు రాసేవారు. స్లామ్ బుక్కులో ఎవరి భవిష్యత్తు వాళ్లే రాసుకోవాలి. ఏం రాయాలో తోచక కలం కొరుక్కుంటూ కూర్చున్న ఆ అయిదు నిమిషాలే చాలామంది ఆడపిల్లలకి, తమకంటూ ఏం కావాలో తమని తాము అడుక్కున్న మొదటి అయిదు నిమిషాలు. అచ్చుప్రశ్న అయితేనేం, అడిగింది కదా.

స్నేహితులు వేళాకోళం చెయ్యకుండా ఉండరు, చెయ్యాలి కూడా. అది లేని వీడ్కోలు ఉప్పులేని పప్పే. మీ అమ్మాయి సెండాఫ్ నుంచి చేతినిండా కాగితాలతో, మొహంనిండా నవ్వుతో ఇంటికొస్తే, "నీ గురించి వాళ్లేం రాశారే?" అని అడగడం మామూలే. తప్పకుండా అడగండి, కలిసి నవ్వుకోండి. ఆ నవ్వు అయ్యాక, పళ్లెంలో రెండు వేడి జంతికలు పెట్టి, ఇంకో ప్రశ్న కూడా అడగండి. "మరి నీ గురించి నువ్వేం రాసుకున్నావు?" అని.