శ్రీశైలంలో కొన్న పాపబొమ్మ

శ్రీశైలం వెళ్ళినవాళ్ళకి సాక్షి గణపతి సంగతి తెలిసే ఉంటుంది. చేతిలో పుస్తకం, గంటం పట్టుకుని వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటాడంటారు. మేమూ పోయిన నెల ఆయనకి హాజరు వేయించుకుని, మల్లన్న దర్శనం చేసుకుని బయటపడ్డాం. గుడి ముందు అంగళ్ళ దగ్గరకి రాగానే మా బుడ్డది (ఏడాదిన్నర) ఒక పాపబొమ్మని చూసి కదలనంటే కదలనంది. పడుకోబెడితే కళ్ళు మూస్తుంది, పొట్ట నొక్కితే ఏడుస్తుంది. కొనక తప్పలేదు.

సత్రానికి వచ్చాక బుడ్డది నిద్రపోగానే నేను బొమ్మని పట్టుకుని కూర్చున్నాను. వృత్తిరోగం అనుకోండి, ఏది చేతికొచ్చినా ఎక్కడ విరుగుతుందా అని చూడటం అలవాటైపోయింది. అట్టపెట్టె మీద చైనా అక్షరాలున్నాయి, ఇంగ్లీషులో 'నవ్వే పాప' అని ఉంది (ఏడ్చేదానికి ఆ పేరేంటో!). ఐఎస్ఐ గుర్తు లేదు. తయారుచేసినవాడి పేరూ లేదు. అంటే ఈ బొమ్మకి సాక్షి గణపతి లేడన్నమాట.

"నువ్వు ఇట్లాంటివి ఎన్ని నాకలేదు? ఏమైంది నీకు?" అంది మా అమ్మ. ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ బొమ్మల చరిత్ర కొంచెం తిరగేస్తే, ఇప్పుడున్న ప్రతి నియమం వెనకా ఎక్కడో ఎవరి పిల్లలకో జరిగిన కీడు కనపడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో బగ్ బయటపడ్డాక టెస్ట్ కేసు రాసినట్టే, ఇక్కడా అంతా ఆ వరసే.

సెల్యులాయిడ్‌నే తీసుకోండి. 1870 ప్రాంతంలో అమెరికాలో హయత్ అనే ఆయన ఏనుగుదంతానికి బదులుగా తయారుచేసిన పదార్థం అది. తేలిక, చవక, అచ్చులో ఎలా కావాలంటే అలా వస్తుంది. జర్మనీ, జపాన్ వాళ్ళు దాంతో పాపబొమ్మలు చేసి ప్రపంచమంతా అమ్మారు. అది నైట్రోసెల్యులోజ్, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. పాత సినిమా రీళ్ళు తగలబడింది కూడా దీనివల్లే. తర్వాత దాని స్థానంలో పీవీసీ వచ్చింది. పీవీసీ స్వతహాగా గట్టిది. పాప బుగ్గలా మెత్తగా ఉండాలంటే థాలేట్లనే నూనెలాంటి రసాయనాలు కలపాలి. అవి ప్లాస్టిక్‌తో గట్టిగా ముడిపడి ఉండవు కాబట్టి చప్పరించేకొద్దీ బయటికొస్తాయి. అమెరికాలో 2008 చట్టం వాటిలో మూడింటికి 0.1 శాతం అని హద్దు పెట్టింది. నా చేతిలో ఉన్న బొమ్మలో ఎంతుందో సత్రంలో కూర్చుని తేల్చలేను. వాసన చూస్తే తెలుస్తుందనేవాళ్ళని నమ్మకండి.

తేల్చగలిగేది ఒకటుంది. మూడేళ్ళలోపు పిల్లల గొంతు కొలత ఆధారంగా చేసిన గొట్టం. వెడల్పు 31.7 మి.మీ., అడుగు వాలుగా ఉంటుంది, లోతు ఒకవైపు 25.4, ఇంకోవైపు 57.1. బొమ్మ నుంచి ఊడొచ్చిన ముక్క అందులో పూర్తిగా పడిపోయిందంటే అది ఆ వయసు వాళ్ళకి పనికిరాదు. అమెరికాలో 1980 నుంచీ ఉన్న నియమం. మన ప్రమాణం ఐఎస్ 9873లోనూ ఇదే పద్ధతి. గొట్టం లేకపోయినా స్కేలు ఉంటే చాలు. నేను బొమ్మ చేతులు, కాళ్ళు మెలితిప్పి లాగాను, గట్టిగానే ఉన్నాయి. కన్ను లాగితే గుడ్డు ఊడి చేతికొచ్చింది. సరిగ్గా శనగగింజంత!

వీపు మీద బ్యాటరీ పెట్టె ఇంకా ఘోరం. మూతకి స్క్రూ లేదు, గోరుతో తెరుచుకుంది. లోపల మూడు గుండీ బ్యాటరీలు. గుండీ బ్యాటరీ మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపలి కండని కాల్చేయగలదు. అది చూశాక మా అమ్మ కూడా మాట్లాడలేదు.

రంగు సంగతి 2007లో రచ్చకెక్కింది. ఆ ఏడు ఆగస్టులో మాటెల్ కంపెనీ, రంగులో సీసం ఉందని దాదాపు 15 లక్షల బొమ్మల్ని వెనక్కి పిలిచింది. అంత పేరున్న కంపెనీకే ఎక్కడో చైనాలో రంగు ఎవరు కలిపారో ముందు తెలియలేదు. దాని దెబ్బకే అమెరికా రంగుల్లో సీసం హద్దుని పది లక్షల్లో 600 భాగాల నుంచి 90కి దించింది. మన ప్రభుత్వం 2009 జనవరిలో చైనా బొమ్మల్ని ఆరు నెలలు నిషేధించి, మార్చిలోనే పరీక్ష పత్రాలుంటే రానిస్తామంది. 2019లో క్వాలిటీ కౌన్సిల్ ఢిల్లీ చుట్టుపక్కల 121 రకాల దిగుమతి బొమ్మలు కొని పరీక్షిస్తే దాదాపు 67 శాతం తప్పాయి. అప్పుడుగానీ ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి కాలేదు, అదీ 2021 జనవరి 1 నుంచి. బీఐఎస్ కేర్ యాప్‌లో లైసెన్సు నంబరు కొడితే గుర్తు అసలుదో దొంగదో తెలిసిపోతుంది. కానీ ఆ చట్టం నల్లమల ఘాట్ ఎక్కి శ్రీశైలం అంగడి దాకా వచ్చినట్టు నాకైతే కనపడలేదు.

"అందుకే ప్లాస్టిక్ వద్దు, మన చేతిపని బొమ్మలే మేలు" అంటారా? నేనూ అలాగే అనుకునేవాడిని. కొండపల్లి బొమ్మ నిజానికి కొలువులో పెట్టుకుని చూసేది, నోట్లో పెట్టుకునేది కాదు. పొణికి చెక్క మీద చింతగింజల పిండితో చేసిన మక్కు అతికి రంగులేస్తారు. పిల్లలు ఆడుకునేవి లక్కపిడతలు. వాటి పేరులోనే లక్క ఉంది. ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిమెన మీద తిప్పుతూ లక్క కడ్డీని అదిమితే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. కుంచెతో వేసిన పూతలా పెచ్చులుగా లేవదు. ఎంత తెలివైన పనితనమో! అయితే లక్కలో ఏ రంగు కలిపారన్నదే అసలు ప్రశ్న. రసాయన రంగులొచ్చాక కర్ర అదే, లక్క అదే, కలిపేది మారిపోయింది. సి.వి. రాజు గారు పసుపు, నీలి, జాఫ్రా గింజల రంగుల్ని మళ్ళీ పట్టాలెక్కించడానికి దశాబ్దాలు కష్టపడ్డారు, 2023లో పద్మశ్రీ వచ్చింది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. పైగా 2020 డిసెంబరు సవరణలో నమోదైన హస్తకళాకారులకి, భౌగోళిక గుర్తింపున్న బొమ్మలకి ఐఎస్ఐ నుంచి మినహాయింపు ఇచ్చారు. చేతివృత్తులు బతకాలంటే అది కావాల్సిందే, కాదనను. మరి పరీక్ష ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుని వాళ్ళకి ఉచితంగా చేయించొచ్చు కదా? మినహాయింపు సంతకంతో పోతుంది, పరీక్షకి డబ్బు కావాలి. అదీ తేడా.

మా జేజి అమ్మకి పాత చీరతో గుడ్డబొమ్మ కుట్టిచ్చేదట. లోపల నంద్యాల దూది. విషం లేదు, విరిగేది లేదు అని నేను సంబరపడుతుంటే అమ్మ గుర్తు చేసుకుని చెప్పింది: "కండ్లకి కుంకుడుగింజలు కుట్టేది మా యమ్మ. ఒకటి ఊడిపోతే మీ మామ ముక్కులో పెట్టుకున్నాడు. ఆత్మకూరు ఆసుపత్రికి ఎత్తుకొని ఉరికినారు."

ఆ రాత్రే బ్యాటరీలు తీసేసి, రెండో కన్ను కూడా పీకి, పెట్టెలో పెట్టి పొద్దున అంగడతనికి ఇచ్చాను. "ఎవరూ ఇట్లా పీకి చూడరు సార్" అన్నాడు, డబ్బులు మాత్రం సగమే ఇచ్చాడు. ఇంటికొచ్చాక అమ్మ తన పాత నూలు చీర చింపి ఒకటి కుట్టింది. కళ్ళు నల్లదారంతోనే. దాని పొట్ట నొక్కి, అది ఏడవకపోతే, బుడ్డదే "వా...!" అని దాని తరఫున ఏడుస్తోంది :)