త్రిబంధం నుంచి సుమనీన్ దాకా

హైదరాబాద్ ఫిల్మ్ నగర్‌లో సెట్టు కోసం ఇనుము కోసే గ్యాస్ మంటలో మండేది ఎసిటిలీన్. రెండు కార్బన్ల మధ్య మూడు బంధాలున్న అతి చిన్న హైడ్రోకార్బన్ అది. 1866లో ఫ్రాన్సులో బెర్తెలో దాన్ని గొట్టంలో పెట్టి బాగా వేడిచేస్తే మూడేసి అణువులు చేయీచేయీ కలిపి బెంజీన్ వలయమయ్యాయి.

వలయం కట్టడం సరే, త్రిబంధం వలయంలోనే ఇమడగలదా? దాని రెండు కొసలూ తిన్నగా ఒకే గీతలో సాగాలి. ఆరు కార్బన్ల వలయంలో అంత చోటు లేదు. అయినా క్షణకాలం ఇముడుతుందని 1953లో జాన్ రాబర్ట్స్ రేడియోధార్మిక కార్బన్‌తో రుజువు చేశాడు. అదే బెంజైన్.

చోటు పెంచితే? ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో ఫ్రాంజ్ సాండ్‌హైమర్ హెక్సాడైయైన్ అణువులు మూడింటిని రాగి లవణంతో కలిపి, పద్దెనిమిది కార్బన్ల వలయంలో ఆరు త్రిబంధాలు నిలబెట్టాడు. క్షారంతో వాటిని జరిపాడు, మిగిలిన త్రిబంధాలకు హైడ్రోజన్ చేర్చాడు; 1959లో [18]యాన్యులీన్ బయటపడింది. 4n+2 ఎలక్ట్రాన్లుంటే వలయానికి స్థిరత్వం (ఆరోమాటిక్ గుణం) వస్తుందన్న హకెల్ లెక్కకు, బెంజీన్‌ను దాటిన సాక్ష్యం దొరికింది. ఇక్కడ త్రిబంధం పరంజాలాంటిది: కట్టడం లేచాక విప్పేశారు. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

వలయాల కథ తర్వాత మన ఊరికే వచ్చింది. ఫిల్మ్ నగర్ నుంచి షేక్‌పేట, రాయదుర్గం దాటితే గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం. 1985లో బంతిలాంటి కార్బన్ అణువు ఫుల్లరీన్ బయటపడ్డాక, ఆ బంతిలో ఒక ముక్కను విడిగా కట్టాలని గోవర్ధన్ మెహతా బృందం పూనుకుంది. నడుమ బెంజీన్, చుట్టూ ఆరు, ఐదు కోణాల వలయాలు మార్చి మార్చి. మొత్తం ఇరవై ఒక్క కార్బన్లు, విస్తరాకు దొప్పలా వంగిన రూపం. పువ్వులా ఉందని 'సుమన్' మాట మీదుగా 1993లో దానికి సుమనీన్ అని పేరు పెట్టారు. సుమం మనకూ పరాయి మాట కాదు.

చదునైన ట్రైఫినైలీన్‌తో మొదలుపెడితే దొప్ప పూర్తి కాలేదు. ఒక అంచు మూసుకునే కొద్దీ మిగతా అంచులు ఎడమవుతాయి. 2003లో ఒసాకాలో సకురాయ్, దాయికో, హిరావో మొదటి నుంచే వంపున్న నార్బోర్నడైయీన్‌ను తీసుకుని, ఆరోమాటిక్ గుణాన్ని చివరిమెట్టులో తెచ్చి దాన్ని సాధించారు. స్ఫటికంలో ఆ అణువులు దొప్పలో దొప్ప పెట్టినట్టు ఒకదానిపై ఒకటి పేరుకుని ఉంటాయి. పేరు మాత్రం గచ్చిబౌలిలో పెట్టిందే.