ఉత్తనూరు గోపాలదాసులు – నడిగడ్డలో దాస సంగీతము



కృష్ణా తుంగభద్రల నడుమనున్న సీమను మన పెద్దలు నడిగడ్డ యని పిలిచిరి. పూర్వము మహబూబ్‌నగరు జిల్లాలో నుండి, 2016వ సంవత్సరమున జోగులాంబ గద్వాల జిల్లాలో చేరిన ఈ సీమలో, అయిజ మండలమున ఉత్తనూరు అను గ్రామము కలదు. అచట వెలసిన ధన్వంతరి వేంకటేశ్వరస్వామిని సేవించి తరించిన వాగ్గేయకారులు గోపాలదాసులు. వారి నివాసముచే ఆ గ్రామము హరిదాసులకు యాత్రాస్థలమైనది.

వీరు పదునెనిమిదవ శతాబ్దమువారు. రాయచూరు ప్రాంతమందలి మొసరకల్లు వీరి జన్మస్థలము. తలిదండ్రులు పెట్టిన పేరు భాగణ్ణ. బాల్యముననే తండ్రిని గోల్పోయి, దారిద్ర్యమనుభవించి, గాయత్రీ జపముచే సిద్ధి పొంది జ్యోతిషమున ఖ్యాతి గాంచిరి. పిమ్మట విజయదాసులు (1682–1755) వీరిని శిష్యునిగా స్వీకరించి 'గోపాలవిఠల' అను అంకితము నొసగిరి. 'భక్తిలో భాగణ్ణ' యను మాట నేటికిని దాసకూటమున నిలిచియున్నది.

వీరి గానమునకు మూలమెచట? విజయదాసులకు కాశీక్షేత్రమున స్వప్నమందు పురందరదాసులు దర్శనమిచ్చి అంకితము ననుగ్రహించిరని సంప్రదాయము. కనుక పురందరుల బాణీయే విజయదాసుల ద్వారా నడిగడ్డకు చేరినది. ఆ బాణీలో పదము, ఉగాభోగము, సుళాది అను మూడు తీరులు ముఖ్యములు. వానిలో సుళాది విశిష్టమైనది. కీర్తన మాటిమాటికి పల్లవికి మరలివచ్చును. సుళాది యట్లు గాక ధ్రువ, మఠ్య, రూపక, ఝంప, త్రిపుట, అట, ఏక తాళములలో ఒక్కొక్క ఖండముగా ముందునకు సాగి, చివరకు 'జతె' యను రెండు పాదములతో ముగియును. తాళము మారినకొలది భావము మెట్టుమెట్టుగా పైకెక్కును. మన తాళ్ళపాక అన్నమాచార్యులును సుళాదిని రచించియున్నారు. నేడు సంగీతము నేర్చు పసిపిల్లలు అలంకారములలో సాధన చేయునవియు ఈ సప్త తాళములే.

భాష కన్నడమైనను, ఇరుభాషలు కలసిమెలసియుండు నడిగడ్డవారికి అది పరాయిది కాదు. అయితే దేశభాషలో పాడుటను చిన్నచూపు చూచిన పండితులును ఉండిరి. మాన్విలోని శ్రీనివాసాచార్యులు సంస్కృతమున దిట్ట. విజయదాసులు భోజనమునకు ఆహ్వానింపగా, దేశభాషలో పదములు పాడువారి పంక్తిలో కూర్చుండుట తనకు తగదని తలచి, ఉదరవ్యాధి నెపము చెప్పి తప్పించుకొనిరట. ఆ నెపమే నిజమై వ్యాధి పీడించినది. మంత్రాలయమున రాఘవేంద్రస్వామిని శరణుజొచ్చగా, స్వామి విజయదాసులనే చూపిరి. విజయదాసులు ఉత్తనూరునకు పంపిరి. గోపాలదాసులు ధన్వంతరిని ధ్యానించి, జొన్నరొట్టెలు పెట్టి వ్యాధిని మాన్పి, తమ ఆయువులో నలుబది సంవత్సరములు ధారవోసిరని పెద్దలు చెప్పుదురు.

ఇందలి మర్మము గ్రహింపుడు. పండితుని గర్వమునకు మందు శాస్త్రవాదము కాదు. పల్లెటూరి భక్తుడు పెట్టిన జొన్నరొట్టె. అవమానించిన వానికే ఆయువు నిచ్చుట దాసుని లక్షణము. ఆ పండితుడే జగన్నాథదాసులై 1809 వరకు జీవించి, తాను తృణీకరించిన కన్నడముననే 'హరికథామృతసారము'ను లోకమునకిచ్చిరి. గురువొసగిన ఆయువు గ్రంథమై నిలిచినది.

దాసుల సుళాదులకు రాగతాళముల పేర్లు వ్రాతలలో నున్నవి గాని, తొలినాటి వరుసలు చాలవరకు జారిపోయినవి. పుస్తకము పదమును కాపాడగలదు. వరుసను కాపాడునది కంఠమొక్కటే. కావున ఇంట వృద్ధులెవరైన దాసుల పదమొకటి పాడగలిగినచో, వారి చెంత కూర్చుండి పిల్లలచే పాడింపుడు. వాగ్గేయకారునికి మనమీయదగిన ఆయుర్దాయమదియే.

స్వస్తి.