ఎంబీఏకు విలువ తెచ్చినదేమిటి?

1950ల దాకా మన దేశంలో పెద్ద కంపెనీకి మేనేజరు కావడానికి ప్రత్యేకించి ఒక చదువంటూ లేదు. కలకత్తాలోని మేనేజింగ్ ఏజెన్సీలు జనపనార మిల్లులు, తేయాకు తోటలు, బొగ్గు గనులు అన్నిటినీ ఒకే ఆఫీసు నుంచి నడిపేవి. అక్కడ పై కుర్చీలు బ్రిటిష్ వాళ్లకీ, పలుకుబడి ఉన్న కుటుంబాల పిల్లలకీ దక్కేవి. దేశీయ వ్యాపారాల్లో ఆ బాధ్యత కొడుకులకో అల్లుళ్లకో వెళ్లేది. 1956 కంపెనీల చట్టం ఏజెన్సీలకు పగ్గాలు వేసింది, 1970లో ఆ పద్ధతే రద్దయింది. ఈలోగా రెండో పంచవర్ష ప్రణాళిక ఉక్కు, ఎరువులు, భారీ యంత్రాల కర్మాగారాలకు పునాది వేసింది. వేలమంది పనిచేసే ఈ సంస్థలను నడపడానికి చుట్టరికం చాలదు. లెక్కలు, ఉత్పత్తి, కార్మిక సంబంధాలు, మార్కెట్ తెలిసినవాళ్లు కావాలి. మేనేజ్‌మెంట్ చదువు ఈ అవసరం లోంచి పుట్టింది. నా వాదన కూడా ఇదే: ఎంబీఏ పట్టాకు ఉద్యోగ విలువ తెచ్చింది దాని పేరు కాదు, దాని వెనకున్న అవసరమూ, ఆ అవసరంతో తరగతి గదికి ఉన్న బంధమూ.

తొలి సంస్థలు ఎక్కడ వెలిశాయో చూస్తే ఇది తేటపడుతుంది. 1953లో కలకత్తాలో సాంఘిక సంక్షేమ, వ్యాపార నిర్వహణ సంస్థ మొదలైంది. 1956లో హైదరాబాదులో ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ కుర్రవాళ్లకు పట్టాలివ్వడానికి పెట్టింది కాదు, అప్పటికే పదవుల్లో ఉన్న ప్రభుత్వ, ప్రైవేటు అధికారులకు శిక్షణ ఇవ్వడానికి పెట్టింది. 1957లో ఆంధ్ర విశ్వవిద్యాలయం, వి.ఎస్. కృష్ణ వైస్ చాన్సలర్‌గా ఉన్న కాలంలో, దేశంలోని తొలి ఎంబీఏ కోర్సుల్లో ఒకదాన్ని ప్రారంభించింది. అప్పటి విశాఖపట్నంలో 1933లో తెరిచిన ఓడరేవు ఉంది, నౌకా నిర్మాణ కేంద్రం ఉంది, అదే 1957లో కాల్‌టెక్స్ చమురుశుద్ధి కర్మాగారం కూడా వచ్చింది. ఆ కోర్సుకు ఇవే ఏకైక కారణమని చెప్పలేం. కానీ పరిశ్రమ ఊపిరి పోసుకుంటున్న ఊళ్లో ఆ చదువు మొదలవడం కాకతాళీయమనీ అనిపించదు.

ఐఐఎంల చరిత్ర ఇంకా గట్టి సాక్ష్యం. ఫోర్డ్ ఫౌండేషన్ పిలుపు మీద కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ రాబిన్స్ 1959లో ఇక్కడికొచ్చి, మేనేజ్‌మెంట్ చదువుకు దేశానికి ఒక జాతీయ సంస్థ కావాలని సూచించాడు. 1961లో కలకత్తా, అహ్మదాబాదుల్లో రెండు సంస్థలు వచ్చాయి. అహ్మదాబాదు సంస్థ కోసం విక్రమ్ సారాభాయ్, కస్తూర్‌భాయ్ లాల్‌భాయ్ వంటి మిల్లు యాజమాన్య కుటుంబాల వాళ్లు గుజరాత్ ప్రభుత్వంతో కలిసి నిలబడ్డారు. అంటే చదివినవాళ్లకు పని ఇచ్చే చేతులే బడి కట్టడానికీ ముందుకొచ్చాయి. హార్వర్డ్ సహకారంతో అక్కడ నిజమైన కంపెనీల సమస్యల మీద చర్చించే కేస్ పద్ధతి స్థిరపడింది. ఇంకో సంగతి గమనించాలి. 2017 చట్టం వచ్చేదాకా ఐఐఎంలు డిగ్రీ ఇవ్వలేకపోయాయి, ఇచ్చింది పోస్ట్ గ్రాడ్యుయేట్ డిప్లొమానే. ఎంబీఏ డిగ్రీ యూనివర్సిటీల దగ్గరుంది, ఉద్యోగాలిచ్చే కంపెనీలు మాత్రం డిప్లొమా వాళ్ల వాకిట్లో బారులు తీరాయి. కాగితం మీది పేరే ముఖ్యమైతే ఇలా జరగదు.

దీనికి రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది: కంపెనీలు ఐఐఎంలకు వెళ్లేది చదువు కోసం కాదు, కష్టమైన ప్రవేశ పరీక్షలో వడగట్టిన పిల్లల కోసం, కాబట్టి పేరే అసలు ఆస్తి. ఇందులో నిజముంది, కాని సగమే. వడపోత పేరు సంపాదించాక వచ్చింది. ఆ పేరు మొదట సంపాదించినది తొలి బ్యాచ్‌లు కంపెనీల్లో చూపిన పనితనం. రెండోది: చుట్టూ ఉన్న పరిశ్రమే ఆధారమైతే, 1960ల చివరి నుంచి కలకత్తా పరిశ్రమలు కుంగిపోయినా అక్కడి ఐఐఎం ఎలా నిలిచింది? ఎంఐటీ సహకారంతో అది గణిత, గణాంక పద్ధతులకు పెద్దపీట వేసింది. ఆ నైపుణ్యానికి తర్వాత బ్యాంకింగ్‌లో, కన్సల్టింగ్‌లో దేశమంతా గిరాకీ పెరిగింది. అవసరం ఊరు మారింది, బంధం తెగలేదు.

బంధం తెగినచోట ఏమవుతుందో మన తెలుగు రాష్ట్రాలే చూశాయి. 1991 సంస్కరణల తర్వాత బ్యాంకులు, టెలికాం, సాఫ్ట్‌వేర్ సంస్థలు మేనేజర్ల కోసం వెతికాయి. ఆ వెలుగు చూసి ప్రైవేటు కాలేజీలు పుట్టుకొచ్చాయి. ఐసెట్ ప్రవేశ పరీక్ష ర్యాంకు, ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ కలిసి పేద పిల్లలకూ తలుపు తెరిచాయి. అది నిస్సందేహంగా మంచిదే. కాని సీట్లు పెరిగినంత వేగంగా పరిశ్రమతో పరిచయం పెరగలేదు. చాలాచోట్ల ప్రాజెక్టు రిపోర్టు జిరాక్స్ షాపులో తయారైంది, అధ్యాపకుడు కర్మాగారం గడప తొక్కనేలేదు. సీట్లు నిండక ఎన్నో కాలేజీలు మూతపడ్డాయి. నష్టపోయింది జీవితంలో రెండేళ్లు ధారపోసిన పిల్లలు.

అందుకే ఈ రోజు మేనేజ్‌మెంట్ కోర్సు ఎంచుకునేవాళ్లు ర్యాంకుల పట్టిక కన్నా ముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఈ చదువు ఏ రంగానికి మనుషులను తయారు చేస్తోంది? ఆ రంగం వాళ్లు ఇక్కడ పాఠం చెప్పడానికీ, ఇంటర్న్‌షిప్ ఇవ్వడానికీ వస్తున్నారా? గత రెండు మూడు బ్యాచ్‌ల వాళ్లు ఏ పనిలో, ఏ జీతానికి చేరారు? గరిష్ఠ ప్యాకేజీని ఫ్లెక్సీ మీద వేసి, మధ్యస్థ జీతం అడిగితే మాట దాటవేసే కాలేజీని నమ్మాల్సిన పనిలేదు. అప్పుచేసి ఫీజు కట్టే కుటుంబానికి ఈ జవాబులు అడిగే హక్కుంది, చెప్పే బాధ్యత కాలేజీది.