ఆదివారం సాయంత్రం ఆరున్నర

పోయిన మే నెలాఖరు ఆదివారం బనగానపల్లెలో ఉన్నాను. మామిడికాయలకని ఇంటికి పోవడం, డబ్బాలు కట్టించుకుని తిరిగి రావడం ఏటా ఉండే పనే. సాయంత్రం ఆరున్నరకి యాగంటి రోడ్డు పక్క ఒక టీ హోటల్లో కూర్చుని ఫోన్లో మొనాకో గ్రాండ్ ప్రీ పెట్టుకున్నాను. హోటల్ గోడకి పెద్ద టీవీ ఉంది. అందులోనూ పోటీయే నడుస్తోంది. ఏదో ఊరి తిరునాళ్లలో ఎద్దుల బండలాగుడు, యూట్యూబ్‌లో లైవ్. ఏడెనిమిది మంది గ్లాసులు చేతిలో పట్టుకుని తలలెత్తి చూస్తున్నారు. మైకులో వ్యాఖ్యాత అడుగులు లెక్కపెడుతున్నాడు.

హోటలాయన నా ఫోన్లోకి తొంగిచూశాడు.

"ఏమబ్బీ, ఏంది అది?"

"కార్ల రేసు పెద్దాయనా."

"ఏం లాగుతాయి?"

"ఏమీ లాగవు. తిరుగుతాయంతే."

"తిరిగి యాడికి పోతాయి?"

"మళ్లీ ఆడికే."

ఆయన నవ్వి టీ పొయ్యడానికి పోయాడు. ఫార్ములా వన్ మీద ఇంతకంటే మంచి విమర్శ నేనెక్కడా చదవలేదు. నా బుర్రలో మాత్రం ఇంకో ప్రశ్న తిరిగింది. ఆయన టీవీ కొన్నాడు, డేటాకి డబ్బు కడుతున్నాడు, కరెంటు కాలుస్తున్నాడు. చూసేవాళ్ల దగ్గర పైసా తీసుకోవడం లేదు. ఈ బేరం ఎప్పుడు మొదలైంది?

అమెరికాలోనైతే దానికి ఒక గుర్తు ఉంది. 1947లో బేస్‌బాల్ వరల్డ్ సిరీస్‌ని మొదటిసారి టీవీలో చూపించారు. అప్పటికి ఇళ్లలో టీవీలు చాలా తక్కువ. చూసినవాళ్లలో ఎక్కువమంది బార్లలో చూసినవాళ్లే. బారువాడు పెట్టె కొన్నాడు, జనం బీరు కొన్నారు. ఇంట్లో సోఫా ముందుకి చేరకముందే టీవీ బారు కౌంటరు పైన స్థిరపడిందన్నమాట.

మన దగ్గర కథ వేరే దారిలో నడిచింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సైట్ అనే ఉపగ్రహ ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెల్లో పెట్టిన టీవీల్లో ఆంధ్రప్రదేశ్ పల్లెలవీ ఉన్నాయి. అక్కడ టీవీ సర్కారుది, చూసేది ఊరంతా, చూపించేది వ్యవసాయం, ఆరోగ్యం. అమ్మకమనే మాటే లేదు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది, 1982 ఏషియాడ్‌తో రంగులొచ్చాయి. హోటలు యజమాని సొంత డబ్బుతో టీవీ కొని, చెక్క స్టాండు కొట్టించి, చేతికందని ఎత్తులో గోడకి బిగించడం మా వైపు నేను చూసింది తొంభైల్లోనే. అంతకుముందు ఆ పని రేడియో చేసేది. స్కోరు వినడానికి ఆగినవాడు ఊరికే నిలబడలేక టీ చెప్పేవాడు.

ఇక్కడ మన చరిత్రలో ఒక విచిత్రమైన మలుపుంది, దాన్ని ఎవరూ ఈ కోణంలో చూసినట్టు లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1993 అక్టోబరుకల్లా సారాని ఆపించింది. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యాడు, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. 1997లో సడలించారు. ఈ రెండేళ్ల మీద ఇంకో క్యాలెండరు పరిచి చూడండి. 1995 ఫిబ్రవరిలో గాలితరంగాలు ప్రజల ఆస్తి అని, వాటి మీద సర్కారుకి గుత్తాధిపత్యం లేదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ కేసే క్రికెట్ ప్రసార హక్కుల గురించి. ఊళ్లలో కేబులు తీగలు మిద్దెల మీదుగా పాకుతున్నాయి. 1996 ఫిబ్రవరి, మార్చిల్లో విల్స్ వరల్డ్ కప్ మన గడ్డ మీదికొచ్చింది. అంటే టీవీ ఆట పెద్ద వ్యాపారంగా మారిన ఆ సమయానికే ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క బారు కూడా తెరిచి లేదు. మార్చి 9న బెంగళూరులో ఇండియా, పాకిస్తాన్ క్వార్టర్ ఫైనల్ డే నైట్ మ్యాచ్. సరిహద్దు అవతల ఆ ఊళ్లో పబ్బుల్లో బీరుతో చూసి ఉంటారు. ఇవతల మేం టీ, మిరపకాయ బజ్జీలతో చూశాం.

నాకప్పుడు ఏడేళ్లు. మా నాన్న భుజాల మీద కూర్చుని చూశాను. హోటలు ముందు రోడ్డు సగం దాకా జనం. కరెంటు పోయినప్పుడు మూకుమ్మడిగా వచ్చిన ఆ "అయ్యో" గుర్తుంది. గుంపుగా ఆట చూడ్డం మన పల్లెటూళ్లలో టీ హోటలు అలవాటుగా మిగిలిపోవడానికి ఆ రెండేళ్లు ఒక కారణమని నా అనుమానం. రుజువు చెయ్యలేను. కానీ ఆడవాళ్లు సాధించుకున్న ఒక నిషేధం, వాళ్లు తలపెట్టకుండానే, ఊళ్లో పిల్లలు కూడా ఆట చూడగలిగే చోటుని కాపాడింది అనుకుంటే నాకు బాగుంటుంది. బారులోకి నాన్న నన్ను భుజాల మీద ఎత్తుకుని పోయేవాడు కాదు కదా.

అయితే టీ హోటలుకి క్రికెట్‌తో ఒక చిక్కుంది. వన్డే అంటే ఎనిమిది గంటలు. ఒక్క టీ మీద ఎనిమిది గంటలు కూర్చునే మొనగాళ్లు మా ఊళ్లో ఉండేవాళ్లు. టిఫిన్ తినేవాడికి బల్ల దొరకదు. మా హోటలాయన ఇన్నింగ్స్ విరామంలో టీవీ ఆపేసి "లెయ్యండప్పా, వేడి బోండాలు దింపుతాండా" అనేవాడు. లేచినవాళ్లలో సగంమంది బోండాలు కొనుక్కుని మళ్లీ కూర్చునేవాళ్లు.

వ్యాపారి లెక్కలో చూస్తే మోటారు రేసు దీనికి పూర్తిగా తిరగేసిన సరుకు. ఫార్ములా వన్ రేసు దూరం 305 కిలోమీటర్లు, మొనాకో ఒక్కటే 260. గంటన్నర, మహా అయితే రెండు గంటలు. మధ్యలో ఓవర్లుండవు, విరామం ఉండదు, లేచిపోవడానికి వీలుండదు. యూరప్ రేసులు అక్కడి మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యేవి, అంటే మనకి ఆదివారం సాయంత్రం 5:30. 2018లో ఒక గంట ముందుకి జరిపాక ఇప్పుడు 6:30. ఏ బారుకైనా రాత్రి రద్దీకి ముందు ఖాళీగా ఉండే సమయం అదే. ఈ ఆటని బార్ల కోసమే తయారుచేశారేమో అనిపిస్తుంది. నిజానికి తయారుచేసింది టీవీ కోసం. 1981లో కుదిరిన కాంకార్డ్ ఒప్పందం ప్రకారం జట్లన్నీ ప్రతి రేసుకీ వచ్చి తీరాలి. ఎవరొస్తారో తెలియని ఆటని టీవీకి అమ్మలేరు మరి.

నేను మొదట చూసింది బెంగళూరులో, ఉద్యోగంలో చేరిన కొత్తలో. 2011 అక్టోబరు 30న గ్రేటర్ నోయిడాలో మొట్టమొదటి ఇండియన్ గ్రాండ్ ప్రీ. పబ్బులో తెర కింద నిలబడి చూశాం. వెటెల్ గెలిచాడు. ఫోర్స్ ఇండియా కార్లు కనపడినప్పుడల్లా అరిచాం. ఎందుకరిచామో ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. మన దేశంలో టీవీలో మద్యం ప్రకటనలు నిషిద్ధం. ఆ జట్టు మాత్రం కింగ్‌ఫిషర్ వాళ్ల విజయ్ మాల్యాది, 2007 చివర్లో కొని 2008లో బరిలోకి దింపాడు. గంటకి మూడు వందల కిలోమీటర్ల వేగంతో పోయే కారు మీద పిట్ట బొమ్మ. అది ప్రకటన కాదు, ఆట. బల్ల మీద అదే పిట్ట బొమ్మ ఉన్న సీసా. బారు తెర కస్టమర్ని లోపలికి లాగుతుంటే, తెర లోపలి బొమ్మ కస్టమర్ చేత ఏం తాగించాలో చూసుకుంటోంది. ఇంత శుభ్రంగా మూసుకున్న వలయం నేను కోడ్‌లో కూడా రాయలేను. 2018 జులైలో ఆ జట్టు దివాలా ప్రక్రియలోకి పోయింది. నోయిడా రేసు అంతకుముందే, మూడేళ్లకే ఆగిపోయింది. దాని జబ్బుల్లో ఒకటి, అది క్రీడ కాదు వినోదమని ఉత్తరప్రదేశ్ సర్కారు వినోదపు పన్ను అడగడం.

తరవాత హైదరాబాద్ వచ్చేశాను. ఇక్కడ రేసు అడిగితే బార్లలో వింతగా చూసేవాళ్లు. ఏప్రిల్, మే నెలల్లో ఐపీఎల్, తక్కిన రోజుల్లో ఇండియా మ్యాచ్. ఒక మేనేజరు ఓపిగ్గా చెప్పాడు: "సార్, నాలుగు టేబుళ్లు క్రికెట్ అంటున్నాయి. మీరేమో ఇద్దరు." ప్రజాస్వామ్యం మీద నాకప్పుడు నమ్మకం సడలింది.

ఒక్కసారి మాత్రం మా రోజొచ్చింది. 2021 డిసెంబరు 12, అబూదాబీ. హామిల్టన్, వెర్స్టాపెన్ సమాన పాయింట్లతో ఆఖరి రేసుకి వచ్చారు. మనకి సాయంత్రం 6:30. ఇండియా మ్యాచ్ లేదు. నెట్‌ఫ్లిక్స్ సిరీస్ చూసి ఆటలోకొచ్చిన కుర్రకారు గచ్చిబౌలిలో ఒక బారు నింపేసింది. 58 ల్యాపుల్లో 53వ ల్యాపులో లతీఫీ కారు గోడకి కొట్టుకుంది, సేఫ్టీ కారు వచ్చింది, చివరి ల్యాపులో వెర్స్టాపెన్ దాటేశాడు. ట్రే పట్టుకున్న వెయిటర్ మా బల్ల దగ్గర ఆగిపోయి, "ఇప్పుడు ఎవరు గెలిచినట్టు సార్?" అన్నాడు. సగం బారు ఒకటి చెప్పింది, సగం ఇంకోటి. అలా పక్కనున్న పరాయివాడితో పోట్లాడ్డం ఫోన్లో కుదరదు.

2023 ఫిబ్రవరి 11న రేసే మా ఇంటికొచ్చింది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ, 2.83 కిలోమీటర్ల వీధి ట్రాక్, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. రోడ్లు మూసేశారని ఊరు తిట్టుకుంది. 2024లో జరగాల్సింది జనవరిలోనే రద్దయింది. అంతకంటే చెప్పడానికి లేదు.

అదే 2023లో, పెద్దగా ఎవరూ పట్టించుకోనిది ఇంకోటి జరిగింది. ఫార్ములా వన్ మన టీవీ చానెళ్లలో రావడం ఆగిపోయింది. స్టార్ స్పోర్ట్స్ పోయి ఎఫ్‌వన్ టీవీ యాప్, 2024లో ఫ్యాన్‌కోడ్. బారుకి దీని అర్థం వేరు. మన కాపీరైట్ చట్టం 37వ సెక్షను, అనుమతి లేకుండా డబ్బు వసూలు చేసి ప్రసారాన్ని జనానికి చూపించడం తప్పంటుంది. డబ్బు తీసుకోకపోతే? బీరు ధరలో ఆట ధర కలిసి ఉందా లేదా? ఆ సందులోనే మన టీ హోటళ్లూ బార్లూ ఇన్నేళ్లు బతికాయి. యాప్‌లకి ఆ సందు లేదు. అవి వ్యక్తిగత వాడుకకే అని నిబంధనల్లోనే రాసుకుంటాయి. ఇంగ్లండులో కారెన్ మర్ఫీ అనే పబ్బు యజమానురాలు గ్రీకు డీకోడరుతో చవగ్గా ఫుట్‌బాల్ చూపించి యూరోపియన్ కోర్టు దాకా పోరాడింది, 2011లో చాలావరకు నెగ్గింది కూడా. యాప్‌తో ఆ పోరాటం ఎలా చెయ్యాలి? పట్టుకోవడానికి డీకోడరు పెట్టె కూడా లేదు. లాగిన్లు, పరికరాల పరిమితులు రాసే వృత్తిలోనే ఉన్నాను కాబట్టి ఈ మాట కాస్త మొహమాటంగానే రాస్తున్నాను. ఒక ఖాతాకి ఒక తెర అని రాసిన వాక్యంలో, భుజాల మీద కూర్చున్న పిల్లాడికి చోటు లేదు.

బనగానపల్లె హోటల్లో టీవీకి ఆ బాధ లేదు. తిరునాళ్ల నిర్వాహకులకి హక్కుల బెంగ లేదు, చానెలు వాడికి వ్యూస్ చాలు, హోటలాయనకి టీ అమ్ముడుపోతే చాలు. నా మొనాకోలో చివరి ల్యాపులొచ్చేసరికి ఫోన్ చార్జింగ్ అయిపోవచ్చింది. ప్లగ్గు ఉందా అని అడిగాను. ఉన్న ఒక్క ప్లగ్గూ టీవీది. "ఇంకొక జత ఉంది, దిగనీ, తరవాత ఇస్తా" అన్నాడు.

కుర్చీ తిప్పుకుని కూర్చున్నాను. ఆరుపళ్ల విభాగంలో చివరి జత దిగింది. పక్కనున్నాయన ఎడమ ఎద్దు ఒకటి మెడ దించితే చూడమన్నాడు. ఆయన చెప్పినట్టే దించింది. ఇంకో టీ చెప్పాను.