ఔషధబలము, దేహబలము: ఉత్తరాంధ్రమున కుష్ఠుచికిత్స

వేగవతీ తీరమున, తూర్పుకనుమల పాదమున నెలకొని, 1979లో విజయనగరము జిల్లా యేర్పడువఱకు శ్రీకాకుళముతోను, పిదప విజయనగరముతోను, 2022 నుండి పార్వతీపురము మన్యముతోను పాలనాబంధము గలిగిన సాలూరు పట్టణమునకు ఆంధ్రదేశ వైద్యచరిత్రలో గౌరవస్థానము గలదు. పెద్దరోగము సోకెనని తెలిసినంతనే అయినవారిచే విడువబడి, ఊరివెలుపల బ్రతుకీడ్చుచుండిన దీనులకు అచ్చటి ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి చికిత్సతోపాటు నిలువనీడయు నొసగెను.

డాప్సోన్ వంటి సల్ఫోను మందులు రాకమునుపు కుష్ఠునకు వైద్యుల చేతనున్న ముఖ్యౌషధము చాల్మూగ్ర తైలము. సుశ్రుతసంహిత పేర్కొనిన తువరకతైలమునకు దగ్గఱ చుట్టమైన ఆ తైలమును సూదిమందుగా నెక్కించుట రోగికి మిక్కిలి బాధాకరము, ఫలమో సందిగ్ధము. 1946 ప్రాంతమున చెంగల్పట్టులో రాబర్ట్ కాక్రేన్ డాప్సోన్‌ను ప్రయోగించి చూపినపిమ్మట చౌకయైన మాత్రయే పల్లెపల్లెకు చేరగలిగెను. 1955లో జాతీయ కుష్ఠు నియంత్రణ కార్యక్రమ మారంభమయ్యెను. కాని ఒకే ఔషధమును ఏండ్లతరబడి, పెక్కురు యావజ్జీవము, సేవించుచుండగా, దానికి లొంగని క్రిములు మిగిలి వర్ధిల్లుటకు తావేర్పడెను. అట్టి డాప్సోన్‌నిరోధము 1964లో మలేషియాలో నిరూపితమయ్యెను.

ఒక మందుకు లొంగని క్రిమి మఱియొక మందుచే నశించునను సూత్రము ననుసరించి, 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ రిఫాంపిసిన్, క్లోఫజిమిన్, డాప్సోన్‌లను కలిపి యిచ్చు బహుళౌషధచికిత్సను నిర్దేశించెను. రోగవ్యాప్తి అధికముగా నుండిన శ్రీకాకుళ, విజయనగర జిల్లాలు ఈ చికిత్సను ముందుగా నందుకొనిన జిల్లాలలో చేరినవి. నెలకొక దినమున రోగి రిఫాంపిసిన్‌ను ఆరోగ్యకార్యకర్త యెదుటనే మ్రింగవలెను. తక్కిన దినముల మాత్రలు ఇంటికి తీసికొనిపోవలెను. క్లోఫజిమిన్ చర్మమును నలుపెక్కించునపుడు బెదరిన రోగికి ధైర్యము చెప్పి మందు మాననీయకుండుటయు ఆ కార్యకర్తల వంతే. అట్టి నిత్యపరిశ్రమ లేనిదే, కుష్ఠు పదివేలమందికి ఒక్కరికన్న తగ్గినదని 2005 డిసెంబరులో భారతదేశము ప్రకటింపగలిగెడిది కాదు.

అయినను ఔషధము సగము పనియే చేయును. 1919లో జపాను వైద్యుడు మిత్సుడా, చంపిన కుష్ఠుక్రిముల సారమును చర్మములోనికి ఎక్కించి చూడగా, వ్యాధి తీవ్రముగా వ్యాపించిన వారి దేహము దానిని ప్రతిఘటింపకుండుట కనుగొనెను. అట్టి శరీరములో, మందుచే చచ్చిన క్రిముల కళేబరములు సైతము ఏండ్లపర్యంతము తొలగిపోక నిలుచును. ఈ లోపమును తీర్పనెంచి ఢిల్లీలో ఆచార్య జి. పి. తల్వార్, కుష్ఠుక్రిమి జాతికే చెందిన, నిరపాయకరమైన వేఱొక మైకోబాక్టీరియమును వేడిచే చంపి టీకాగా రూపొందించెను. బహుళౌషధచికిత్స జరుగుచుండగనే ఆ టీకాను మూడేసి నెలల కొకసారి యిచ్చిన రోగులలో క్రిములు మఱింత త్వరగా తఱిగినవి. మునుపు మిత్సుడాపరీక్షకు స్పందింపని పలువురు స్పందించిరి. 2009లో ఆ క్రిమికి మైకోబాక్టీరియం ఇండికస్ ప్రాణీ అను నామము స్థిరపడెను.

ఇచ్చట హెచ్చరిక యొకటి అవసరము. దేహరక్షణశక్తి హద్దుమీఱినచో తన నాడులనే దహించును; కుష్ఠులో రియాక్షన్ అనబడు ఆ యుపద్రవమువలన కాలుసేతులు చచ్చుబడి, కన్నుమూతపడక, రోగి వికలాంగుడగును. అపుడు ప్రెడ్నిసొలోన్‌తో ఆ శక్తిని అణచవలసివచ్చును. కావున రోగనిరోధమును పెంచుటయనగా ఏదో బలపుమందు త్రాగించుట గాదు; ఎపుడు మేల్కొల్పవలెనో, ఎపుడు శాంతింపజేయవలెనో యెఱిగి నడుపుటయే.

నేడు ఔషధములకు లొంగని క్రిములు ఆసుపత్రులనే కలవరపఱచుచుండగా, కొత్తమందులకై వెదకుట యొక్కటియే చాలదు. కుష్ఠుచికిత్స మనకు క్రమముగా నేర్పిన పాఠములు మూడు: ఒంటరి మందును నమ్మరాదు, మొదలిడిన చికిత్సను నడుమ విడువరాదు, రోగి దేహమును యుద్ధభూమిగా మాత్రమే గాక, యుద్ధములో భాగస్వామిగా నెంచవలెను. ఈ మూడింటిని ఒక్కటిగా పాటించు వైద్యమే ఈ శతాబ్దమున మనకు రక్ష.