ఎన్ని గంటల దారి?

1830 మే 18, మంగళవారం రాత్రి ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరాడు. అక్కడి సుప్రీంకోర్టులో దుబాసీ ఆయన. వెంట వందమంది దాకా పరివారం, పల్లకీ మోయడానికి బోయీలు. తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. దారిపొడుగునా రాసుకున్న దినచర్యే ‘కాశీయాత్ర చరిత్ర’. అప్పటి దేశం ఎలా ఉండేదో తెలుసుకోవడానికి పండితులు దాన్ని చదువుతారు. ఆర్టీసీలో కంట్రోలరుగా చేసి రిటైరైన నేను మాత్రం ఆయన ఎన్నింటికి బయలుదేరాడు, ఎన్నింటికి చేరాడు అన్నదే ముందు వెతుకుతాను.

ఆయన ఊరి పేరూ దూరమూ రాసి ఊరుకోడు. దారి రాతినేలా, ఇసకా, రేగడా? మజిలీలో ఎన్ని ఇళ్లున్నాయి, ఎన్ని అంగళ్లున్నాయి, అన్ని సామాన్లూ దొరుకుతాయా? వందమందికి వంట కావాలి మరి. బియ్యం దొరకని ఊళ్లో దిగితే మర్నాటి నడక కుంటుపడుతుంది. ప్రయాణానికి ఎంతసేపు పడుతుందో తేల్చేది కాళ్లొక్కటే కాదని ఆయన అంగళ్ల లెక్క చూస్తే తెలుస్తుంది. మా లెక్కల్లో క్రూ భోజనానికి విడిగా టైమిచ్చేవాళ్లం, ఆయన నాకన్నా ముందే ఆ పని చేశాడు.

ఆ రోజుల్లో దూరం ఆమడల్లో చెప్పేవారు. ఆమడంటే ఎనిమిది మైళ్లని కొందరు, పదని కొందరు. ఈ తేడా చూసి మన పూర్వులకు కొలవడం రాదని నవ్వేవాళ్లున్నారు. నేను నవ్వను. ఎడ్లబండి వాడికి కావలసింది మైళ్లు కాదు, చీకటి పడేలోగా సత్రం అందుతుందా లేదా అన్నది. మజిలీ అన్న లెక్కలో దూరమూ పొద్దూ కలిసే ఉండేవి.

రోడ్డు పక్క మైలురాళ్లు వచ్చాక ఆ రెండూ విడిపోయాయి. రాయి దూరం ఒక్కటే చెబుతుంది, గంటలు మనమే కట్టుకోవాలి. 1958 నుంచి మెట్రిక్ కొలతలు రావడం మొదలై, కొన్నేళ్లలో ఆ రాళ్ల మీదికి కిలోమీటర్లు ఎక్కాయి. పాతకాలం డ్రైవర్లు చాలాకాలం పాటు కిలోమీటర్లను మనసులో మైళ్లలోకి మార్చుకునే టైము చెప్పేవారు.

మా నాన్న లారీ నడిపేవాడు. ఆయన లెక్కలో గోదావరి ఒక్కటే ఒక పెద్ద పద్దు. కొవ్వూరుకీ రాజమండ్రికీ నడుమ 1900 నాటి హేవ్‌లాక్ వంతెన ఉన్నా అది రైలుకే. లారీ రేవు దగ్గర పంటు కోసం ఆగాలి. వరసలో ముందెన్ని బళ్లున్నాయో, గాలి ఎటుందో, వరద ఎంతుందో చూసిగాని ఆయన సరుకు దింపే వేళ చెప్పేవాడు కాదు. 1974లో రోడ్డు కం రైలు వంతెన తెరిచాక ఆ పద్దు కొట్టేశారు. నాన్న మాత్రం అలవాటు కొద్దీ ఇంకో రెండేళ్లు "నదికి రెండు గంటలు" కలుపుతూనే ఉన్నాడు.

నేను ఉద్యోగంలో చేరేసరికి ఏపీఎస్ ఆర్టీసీకి ఇరవై ఏళ్లు దాటాయి. అది పుట్టింది 1958 జనవరి 11న. కొత్త రూటు వేసేముందు బండి నడిపి చూసి రన్నింగ్ టైము కట్టేవాళ్లం. రైలు గేట్లు, సంత జరిగే రోజు, మారేడుమిల్లి ఘాట్‌లో సెకండ్ గేరు, అన్నీ అందులోకి రావాలి. కోతలప్పుడు రైతులు రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు, ఆ నెల మనకి మిగిలేది సగం రోడ్డే. కాగితం మీద ఇవన్నీ రాయడానికి గడి ఉండేది కాదు. అందుకే గంటకి నలభై కిలోమీటర్లని కట్టి, పైన కాస్త జారుడు ఉంచేవాళ్లం. పైఅధికారి ఆ జారుడు కోసేస్తే డ్రైవరు దాన్ని స్పీడులో తీర్చుకునేవాడు. ఆ కోత నాకెప్పుడూ నచ్చలేదు.

ఇప్పుడు ఫోను దూరం కన్నా ముందు గంటలే చెబుతోంది. ముందున్న ఫోన్లు ఎంత వేగంగా కదులుతున్నాయో చూసి లెక్క కడుతుందట. మంచిదే, మా జారుడు కన్నా నిక్కచ్చి. కానీ పొద్దున ఇంట్లో చూసినప్పుడు దానికి తెలిసేది అప్పటి రోడ్డే. సంక్రాంతికి హైదరాబాదు నుంచి కదిలే బళ్లు పంతంగి టోల్‌గేటు దగ్గరికి ఒక్కసారే చేరతాయి. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి చేసినా పండగ ముందు ఆ వరస తగ్గినట్టు నాకు కనబడలేదు.

భోగికి ముందు మా అన్నయ్య పిల్లలు ఏటా అడుగుతారు, "బాబాయ్, రాజమండ్రికి ఎన్ని గంటలు?" అని. మూడింటికి లేచి బయలుదేరితే ఎనిమిది, టిఫిన్లు చేసి బయలుదేరితే నన్నడగొద్దు అంటాను. వాళ్లు టిఫిన్లు చేసే బయలుదేరతారు.